పచ్చ చిలుమా, తెల్ల పొడా? పాత సేఫ్టీ రేజర్లలో మేలైనదాన్ని పోల్చుకోవడం

చెన్నైలో పల్లావరం శుక్రవారపు సంతకు వెళ్ళినవారికి ఆ దృశ్యం తెలిసిందే. టార్పాలిన్ పట్టాల మీద తాళంకప్పలు, అడకత్తెరలు, ఆగిపోయిన చేతిగడియారాలు, డయలు ఊడిన టెలిఫోన్లు గుట్టలుగా పోసి ఉంటాయి. అలాంటి ఒక గుట్టలోంచి కిందటేడు నేను రెండు సేఫ్టీ రేజర్లు ఏరాను. ఒకటి అద్దంలా మెరుస్తోంది. రెండోదాని మెడ చుట్టూ పచ్చటి చిలుము పట్టి, తల సందుల్లో ఏనాటిదో సబ్బు మడ్డి రాయిలా గట్టిపడి ఉంది. అమ్మే పెద్దాయన మెరిసేదానికి నాలుగు వందలు, చిలుము పట్టినదానికి నూటయాభై చెప్పాడు. నేను నూటయాభై ఆయన చేతిలో పెట్టేసరికి, "మంచిది వదిలేసి చిలుంది ఎత్తుకుంటా ఉండారే సార్" అని చిత్తూరు యాసలో ఆశ్చర్యపోయాడు. సంత రద్దీలో నేను నవ్వి ఊరుకున్నాను గానీ, ఆయన ప్రశ్నకు జవాబు ఉంది. అది కొంచెం పొడుగైనది.

పాత రేజర్ల విషయంలో నాణ్యత అనే ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు సంగతులు కలగలిసిపోయి ఉంటాయి: వస్తువు వయసు, అది అరుదుగా దొరకడం, దాని ధర, అది గడ్డం గీసే తీరు. మొదటి మూడింటికీ నాలుగోదానితో ఉన్న సంబంధం మనం అనుకున్నంత గట్టిది కాదు. నూరేళ్ళ నాటి రేజరు అతి సామాన్యమైనది కావచ్చు; వేలు పోసి కొన్నది చెంపను గాయపరచవచ్చు; ఎవరికీ పట్టని నాసిరకం రూపంలో ఉన్నది రోజూ వాడుకోవడానికి అన్నిటికన్నా మేలైనది కావచ్చు. సేకరించేవారు ముందుగా చూడవలసినవి రెండే అని నా అభిప్రాయం: పూత కింద ఉన్న లోహం ఏది, తల కొలతలు చెక్కుచెదరకుండా ఉన్నాయా లేదా. మిగతావన్నీ ఆ తరువాతి మాట.

వయసుకూ అరుదుతనానికీ పొత్తు ఎందుకు కుదరదో తెలియాలంటే కొంత చరిత్ర తిరగేయాలి. 1880లో అమెరికాలో క్యాంఫ్ సోదరులు పేటెంటు పొందిన సేఫ్టీ రేజరుకు చర్మం తెగకుండా కాపాడే అడ్డు ఉన్న మాట నిజమే గానీ, దాని బ్లేడు మంగలి కత్తిలోంచి కోసిన ముక్కలాంటిది. దాన్ని మళ్ళీమళ్ళీ తోలు పట్టీ మీద పదును పెట్టుకోవలసిందే. కింగ్ క్యాంప్ జిలెట్ ఆలోచనలో కొత్తదనం రేజరులో కన్నా బ్లేడులో ఎక్కువగా ఉంది. పల్చటి ఉక్కు రేకుకు రెండు వైపులా పదును పెట్టి, మొద్దుబారగానే పారేసి మరొకటి కొనుక్కునేలా చేయాలని ఆయన తలచాడు. కాగితంలాంటి రేకును వంకరపోకుండా గట్టిపరచడం అసాధ్యమని ఉక్కు సంగతి తెలిసినవారు పెదవి విరిస్తే, విలియం ఎమెరీ నికర్సన్ అనే ఇంజనీరు అందుకు తగిన యంత్రాలు తయారుచేసి సాధ్యం చేశాడు. 1903లో మొత్తం అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. 1904 నవంబరు 15న పేటెంటు వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి ఒక్క అమెరికా సైనికుల చేతుల్లోకే సుమారు 35 లక్షల రేజర్లు వెళ్ళాయి. అందువల్ల "ఇది మొదటి యుద్ధం నాటిది సార్" అని ఎవరైనా చెబితే, అది నిజమే అయినా ధర పెంచడానికి కారణం కాదు.

1921లో ఆ పేటెంటు గడువు తీరిపోయింది. అదే ఏడాది జిలెట్ మెరుగుపరచిన కొత్త నమూనాను విడుదల చేసి, పాత నమూనాను చౌకగా అమ్మసాగింది. మరోవైపు పేటెంటు అడ్డు తొలగడంతో, అచ్చు దించినట్టుండే నకళ్ళను ఎవరైనా తయారుచేసే వీలు కలిగింది. ఆ నకళ్ళలో కొన్ని చక్కటివి, చాలావరకు పల్చటి రేకు సరుకు. అక్షరాలను అడ్డంగా చీల్చుకుపోయే బాణమూ, దాని చుట్టూ వజ్రాకారపు గీతా ఉన్న జిలెట్ ముద్రను వెతకమని అనుభవజ్ఞులు చెప్పడం అందుకే. 1930లో కంపెనీ బ్లేడు నమూనాను మార్చి, హెన్రీ గైస్మన్ నడిపిన ఆటోస్ట్రాప్ కంపెనీతో తగువులో పడి, చివరకు అదే ఏడాది ఆ రెండు కంపెనీలూ ఒకటైపోయాయి. ఆ తగువు కథ ఎలా ఉన్నా మనకు మిగిలిన లాభం ఒకటుంది: ఈనాడు కిరాణా కొట్టులో దొరికే టోపాజో, సెవెన్ ఓ క్లాకో తీసి చూస్తే మధ్యలో కనిపించే పొడవాటి చీలిక ఆ కాలపు మార్పుల వారసత్వమే, ఆ బ్లేడు 1910 నాటి, మూడు రంధ్రాల బ్లేడు కోసం చేసిన రేజరులోనూ ఇబ్బంది లేకుండా కూర్చుంటుంది. నూరేళ్ళ నాటి ఏ యంత్రానికి ఇంత సులువుగా విడిభాగం దొరుకుతుంది?

లోహం చెప్పే మాట

పాత రేజర్లలో పైకి కనిపించేది పూత మాత్రమే. నికెల్, వెండి, బంగారం, ఆ తరువాతి కాలంలో క్రోమియం, ఇంగ్లండులో కొన్ని మేలురకం నమూనాలకు రోడియం కూడా పూతగా వేశారు. లోపల ఉండేది ప్రధానంగా మూడింటిలో ఒకటి: ఇత్తడి, జింకు మిశ్రమం, అల్యూమినియం. ఘన సెంటీమీటరుకు ఇత్తడి సుమారు 8.5 గ్రాములు తూగుతుంది. పోతపోసే జింకు మిశ్రమం 6.7 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది, అల్యూమినియం 2.7 మాత్రమే. అల్యూమినియాన్ని చేతిలోకి తీసుకోగానే చెప్పేయవచ్చు గానీ, ఇత్తడికీ జింకుకూ మధ్య తేడా కనిపెట్టడం చిన్న వస్తువులో కష్టమే. అక్కడే చిలుము మనకు సాయం చేస్తుంది.

ఏ పూతలోనైనా కంటికి ఆనని సూదిబెజ్జాలు ఉంటాయి. చెన్నై వంటి సముద్రపు ఒడ్డు ఊరిలో ఉప్పుతేమ ఆ బెజ్జాల గుండా లోపలికి దిగి కింది లోహాన్ని తాకుతుంది. కింద ఇత్తడి ఉంటే, అందులోని రాగి నెమ్మదిగా చిలుము పట్టి, పచ్చటి లేదా నీలి ఛాయ కలిసిన మచ్చగా పైకి ఉబికి వస్తుంది. ఆ మచ్చ చూడడానికి అసహ్యంగా ఉన్నా లోతు తక్కువ. దాన్ని తొలగిస్తే కింద గట్టి లోహం ఉంటుంది, రేజరు కొలతలు ఎక్కడివక్కడే ఉంటాయి. కింద జింకు ఉంటే కథ వేరు. నికెల్ కన్నా, క్రోమియం కన్నా జింకు ఎంతో చురుకైన లోహం కనుక, తేమ తగిలినచోట పై పూత నిక్షేపంగా ఉండి కింది జింకు కరిగిపోవడం మొదలవుతుంది. ఆ కరిగినచోట పుట్టే తెల్లటి పొడి ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పూతను బొబ్బలా పైకి లేపుతుంది. బొబ్బ పగిలాక గుంట కనిపిస్తుంది, ఆ గుంటకు అడ్డుకట్ట వేయడం ఎవరి తరమూ కాదు.

పల్లావరంలో నేను మెరిసే రేజరును వెల్లకిలా తిప్పి చూసినప్పుడు అడుగు పలక మీద, మర దిగే రంధ్రం పక్కన ఆవగింజంత బొబ్బలు మూడు కనిపించాయి. ఒకదాన్ని గోటితో గీకితే గోరు కొనకు తెల్లటి పొడి అంటుకుంది. ఇంకేమీ చూడనక్కరలేకపోయింది. దానికి నాలుగు వందలు కాదు కదా, నలభై పెట్టడం కూడా దండగే. చిలుము పట్టినదాన్ని మాత్రం ఇంటికి తెచ్చి కడిగాక, ఇంగ్లండులో తయారైన జిలెట్ కంపెనీ టెక్ రకం అని తేలింది. ఇప్పటికీ వారానికి రెండుసార్లు దానితోనే గడ్డం గీసుకుంటున్నాను.

అయస్కాంతంతో పరీక్షించమని కొందరు సలహా ఇస్తారు. దానివల్ల పరిమితమైన ప్రయోజనమే. ఇత్తడీ జింకూ రెండూ అయస్కాంతానికి లొంగవు. మందపాటి నికెల్ పూత మాత్రం సన్నగా లాగినట్టు అనిపిస్తుంది. గట్టిగా టప్పున అతుక్కుంటే అది ఇనుప రేకుతో చేసిన చౌకరకమని అర్థం. తలుపుల్లా తెరుచుకునే రకాల లోపలి కడ్డీల్లో మాత్రం ఉక్కు ఉండవచ్చు కాబట్టి అక్కడ తొందరపడి తీర్పు చెప్పకూడదు.

ఇక్కడే మరొక సంగతి అనుకోవాలి. మన ఊళ్ళలో పాత ఇత్తడి ఎప్పుడూ తూకానికి అమ్ముడుపోయే వస్తువు. కాయలాన్ కడల్లో, అంటే చెన్నైలో మనవాళ్ళు కూడా అదే మాటతో పిలిచే పాత సామాన్ల కొట్లలో, విరిగిన కుళాయితోపాటు తాతగారి రేజరు కూడా కిలోల లెక్కన కొలిమికి పోతుంది. కరిగించడానికి పనికిరాని సరుకే బయట ఎక్కువగా మిగులుతుందని, అందుకే గుట్టల్లో జింకు రేజర్లు మనకు ఎక్కువగా తగులుతాయని నా ఊహ.

తలలోని కొలతలు

రేజరు ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఎక్కడ చూడాలో దానంతటదే బోధపడుతుంది. మూడు ముక్కల రేజరులో పై మూత పలక, అడుగు పలక, పిడి ఉంటాయి. వాటి మధ్య చిక్కుకునే బ్లేడు మందం మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే. చదునుగా ఉన్నంతసేపు అది తమలపాకులా ఊగుతుంది. పిడిని బిగించినప్పుడు మూత పలక వంపు మీదుగా బ్లేడు విల్లులా వంగి, ఆ వంపు వల్లనే బిగువు తెచ్చుకుంటుంది. పదునంచుకు ఎంత దగ్గరగా అదిమి పట్టుకుంటే అంత నిలకడగా వెంట్రుకను కోస్తుంది; అదుము దూరమైతే కొన వణికి చర్మం మంట పుడుతుంది. అంచు ఎంత బయటికి పొడుచుకు వచ్చింది, అంచుకూ కింది అడ్డుకూ మధ్య సందు ఎంత, ఏ వాలులో చర్మాన్ని తాకుతోంది అనే ఈ మూడూ కలిసి రేజరు స్వభావాన్ని నిర్ణయిస్తాయి. వీటిలో తేడాలన్నీ మిల్లీమీటరులో పదో వంతుల లెక్కలో ఉంటాయి కనుక, కిందపడి రవ్వంత వంగిన పలక కూడా రేజరు స్వభావాన్ని పూర్తిగా మార్చేస్తుంది.

అందుకే సంతకు వెళ్ళేటప్పుడు చొక్కా జేబులో కొత్త బ్లేడు ఒకటి పెట్టుకుని వెళ్ళడం నాకు అలవాటు. రేజరులో బ్లేడు బిగించి, తలను కంటి ఎత్తుకు తెచ్చి, ఆకాశం వెలుగు సందులోంచి కనిపించేలా అడ్డంగా పట్టుకోవాలి. ఒక చివరి నుంచి మరో చివరి దాకా వెలుగు గీత ఒకే వెడల్పులో ఉండాలి, ఆ పక్కదీ ఈ పక్కదీ సమానంగా ఉండాలి. ఒక మూల గీత సన్నబడితే బ్లేడును వదులు చేసి, సర్ది, మళ్ళీ బిగించి చూడవచ్చు, ఎందుకంటే పాత మూడు రంధ్రాల నమూనాల్లో బ్లేడు కొంచెం అటూఇటూ జరిగే చోటు ఉంటుంది. రెండుసార్లు సర్దినా అదే మూల అలాగే ఉంటే పలక వంగినట్టే.

దువ్వెన పళ్ళలాంటి అడ్డు ఉన్న రకాల్లో మూలల్లోని పళ్ళు ముందుగా దెబ్బతింటాయి. 1930 నాటి కొత్త నమూనాలో మూత మూలలను కత్తిరించి తీర్చిదిద్దడానికి కారణం, కిందపడినప్పుడు వంగిన మూల బ్లేడును పక్కకు నెట్టి గాయాలు చేస్తున్నదని కంపెనీ గుర్తించడమే. వంగిన పన్నును పట్టకారుతో సరిచేద్దామనే ఆలోచన చాలామందికి వస్తుంది. ఇత్తడి ఒకసారి వంగినచోట గట్టిపడి ఉంటుంది, తిరిగి వంచితే తెగవచ్చు. నేను ప్రయత్నించిన మూడింటిలో ఒకటి అలాగే తెగింది. 1930ల చివర్లో వచ్చిన టెక్ రకంలో పళ్ళకు బదులు గీతలు గీసిన నిండు కడ్డీ ఉంటుంది. దెబ్బ ఓర్చుకునే గుణం దానికి ఎక్కువ, గీత నెమ్మదైనది, మర్మాలేమీ లేవు. మొదటి పాత రేజరు ఏది కొనాలని నన్ను ఎవరు అడిగినా టెక్ అనే చెబుతాను. సేకరణలో ఎంతో ముందుకు వెళ్ళినవారు దాన్ని చిన్నచూపు చూడడం నాకు ఎన్నడూ అర్థం కాలేదు.

ఇక మెడ. తొలి నమూనాల బోలు పిడిలో పల్చటి ఇత్తడి గొట్టం లోపలికి మర ఉన్న ముక్కను బలంగా దిగగొట్టేవారు. ఆ గొట్టం పుట్టినప్పటి నుంచీ సాగదీతలోనే ఉంటుంది, దశాబ్దాలు గడిచాక మెడ దగ్గర నిలువుగా వెంట్రుకవాసి చీలిక పడుతుంది. ఇలాంటి చీలికకు మన దేశంతో ఒక విచిత్రమైన సంబంధం ఉంది. వర్షాకాలంలో బ్రిటిషు సైన్యం ఇక్కడి గుర్రపుశాలల్లో దాచిన ఇత్తడి తూటాల గొట్టాలు కారణం తెలియకుండా చీలిపోయేవి. అందుకే ఇంగ్లీషులో ఆ జబ్బుకు 'సీజన్ క్రాకింగ్' అని రుతువు పేరే స్థిరపడింది. గుర్రాల మూత్రం నుంచి పుట్టే అమ్మోనియా, లోహంలో మిగిలిపోయిన ఒత్తిడి కలిసి ఆ పని చేస్తున్నాయని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే పరిశోధకులు వివరించారు. దీనిలోంచి మనకు ఆచరణలో పనికివచ్చే జాగ్రత్త ఒకటి పుడుతుంది: ఇత్తడికి మెరుగు పెట్టే ద్రవాల్లో కొన్నిటిలో అమ్మోనియా ఉంటుంది, వాటిని రేజరు దరిదాపులకు రానివ్వకూడదు. చీలిక ఉందో లేదో తెలుసుకోవడానికి మెడను వెలుగులో తిప్పుతూ చూడడం కన్నా, చూపుడువేలి గోరును మెడ చుట్టూ అడ్డంగా నడిపించడం మేలు. కన్ను దాటేసిన గీతను గోరు పట్టుకుంటుంది.

జోడు మారిన ముక్కలు మరొక చిక్కు. ఒకదాని పిడి, ఇంకొకదాని తల కలిపి అమ్మడం మోసమని అనలేం, అమ్మేవారికి కూడా చాలాసార్లు తెలియదు. కానీ పాత జిలెట్ మరలు అంగుళపు కొలతలో, 4.83 మిల్లీమీటర్ల మందంతో ఉంటాయి; ఈనాటి రేజర్లలో చాలావాటిది 5 మిల్లీమీటర్ల మెట్రిక్ మర. రెంటి చుట్ల మధ్య దూరం దాదాపు ఒకటే కావడంతో కొత్త పిడి పాత తలకు ఎక్కినట్టే ఎక్కి వదులుగా ఆడుతుంది, పాత పిడిని కొత్త తలకు బలవంతంగా తిప్పితే మర అరిగిపోతుంది. వేళ్ళతో తేలికగా తిరగని దేన్నీ తిప్పకపోవడం క్షేమం.

తలుపుల్లా తెరుచుకునే రకాన్ని మనవాళ్ళు బటర్‌ఫ్లై రేజరు అంటారు. 1930ల మధ్యలో అరిస్టోక్రాట్ పేరుతో మొదలైన ఈ పద్ధతి 1940ల చివర్లో వచ్చిన సూపర్ స్పీడ్‌తో సామాన్యులకు అందింది. దీన్ని కొనేటప్పుడు పిడి అడుగున ఉన్న గుండీని పూర్తిగా తిప్పి, రెండు తలుపులూ ఒకేసారి మూసుకుంటున్నాయా అని చూడాలి. ఒకటి ముందు, మరొకటి వెనుక మూసుకుంటే లోపలి కడ్డీ వంగి ఉండవచ్చు. అసలు తిరగకపోతే మాత్రం అంత దిగులు అక్కరలేదు. బోరు నీళ్ళలోని ఉప్పూ, సబ్బూ కలిసి లోపల గడ్డకట్టడమే దానికి సాధారణ కారణం, గోరువెచ్చని నీళ్ళలో రాత్రంతా నానబెడితే తెల్లారేసరికి చాలావరకు కదులుతుంది.

అమెరికాలో తయారైన జిలెట్లకు పుట్టినరోజు చెప్పే గుర్తు ఒకటుంది. 1950ల ఆరంభం నుంచి తల అడుగున ఒక ఇంగ్లీషు అక్షరాన్నీ ఒక అంకెనూ ముద్రించారు. అక్షరం సంవత్సరం, అంకె మూడు నెలల విడత. 1955ను 'A' అక్షరంతో మొదలుపెట్టి లెక్కిస్తే 'F' అక్షరం పక్కన 2 ఉన్న రేజరు 1960 ఏప్రిల్, జూన్ నెలల మధ్యదని తేలుతుంది. సందును 1 నుంచి 9 దాకా మార్చుకునే వీలున్న రకాలకు ఈ లెక్క బాగా పనికివస్తుంది. సేకర్తలు ఫ్యాట్‌బాయ్ అని ముద్దుగా పిలిచే బొద్దు పిడి రకం 1958లో వచ్చి 1961లో ఆగిపోయింది, దాని తరువాతి సన్నపిడి రకం 1960ల చివరి దాకా నడిచింది. ఫ్యాట్‌బాయ్‌కి పేరు ఎక్కువ, ధరా ఎక్కువే. నా చెంపకు సన్నపిడే బాగా నప్పింది. ఇంగ్లండు తయారీకి ఈ అక్షరాల లెక్క వర్తించదు. నా చేతికి వచ్చినవాటిలో ఎక్కువ భాగం ఇంగ్లండువే కావడంతో, వాటి వయసును నమూనాను బట్టీ పెట్టెను బట్టీ ఊహించుకోవడంతోనే సరిపెట్టుకుంటున్నాను.

బ్లేడు దొరకని అందగత్తెలు

చూడగానే మనసు లాగేసే కొన్ని రేజర్లకు ఇక్కడ బ్లేడు దొరకదు. పక్క నుంచి బ్లేడును లోపలికి నెట్టే షిక్ ఇంజెక్టరు, వెన్ను మందంగా ఉన్న ఒంటి అంచు బ్లేడు వేసే జెమ్, ఎవర్‌రెడీ రకాలు ఈ కోవలోవి. వాటిని అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి కొంటే తప్పు లేదు, వాడుకుందామని కొంటే మాత్రం బ్లేడ్లకు విదేశాల మీద ఆధారపడాలి.

రోల్స్ రేజరు వీటికి భిన్నమైనది, నాకు దాని మీద కొంత పక్షపాతం ఉన్నమాట దాచను. లండన్‌లోని క్రికిల్‌వుడ్‌లో తయారైన ఈ రేజరుకు కార్ల కంపెనీతో ఏ సంబంధమూ లేదు, అమ్మేవారు ఏం చెప్పినా సరే. కళ్ళజోడు పెట్టెకన్నా చిన్నదైన లోహపు పెట్టెకు రెండు వైపులా మూతలు. ఒక మూత లోపల సానరాయి, రెండో మూత లోపల తోలు పట్టీ. మధ్యలో కత్తిలాగే లోతుగా సానపట్టిన బ్లేడు ఒక చట్రంలో అమరి ఉంటుంది. పిడిని ముందుకూ వెనక్కూ లాగితే, ప్రతి మలుపులోనూ బ్లేడు టక్కున వెల్లకిలా తిరిగి తోలు మీద నూరుకుంటుంది. ఆ చప్పుడు రైలు పట్టాల అతుకుల మీద పెట్టె వెళ్ళినట్టుంటుంది. మా ఇంటికి ఈ రేజరు పెరంబూరులో రైల్వే ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకున్న మా పెదమామగారి బీరువాలోంచి వచ్చింది. "నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది మా నాన్నగారు ఇచ్చారు, తీసుకెళ్ళండి అల్లుడుగారూ, పిల్లలెవరూ దీని జోలికి రారు" అని ఆయన దాన్ని తువ్వాలు ముక్కలో చుట్టి ఇచ్చారు. ఆ రేజర్ల కంపెనీని 1950ల చివర్లో జాన్ బ్లూమ్ అనే వ్యాపారి చేజిక్కించుకుని బట్టలుతికే యంత్రాల వ్యాపారంగా మార్చడం, 1964లో అది కుప్పకూలడం ఇంగ్లండులో పెద్ద సంచలనమే అయింది.

రోల్స్ కొనేటప్పుడు పెట్టె మెరుపు వైపు చూడకుండా రెండు మూతలూ తీసి చూడాలి. సానరాయి అడ్డంగా పగిలిందా, తోలు చెన్నై ఉక్కకు బూజుపట్టి ముడుచుకుపోయిందా, బ్లేడు అంచులో పెచ్చు లేచిందా అన్నవే అసలు ప్రశ్నలు. తోలును కొత్తగా వేయించుకోవచ్చు. రాయి, బ్లేడు దెబ్బతింటే మాత్రం మిగిలేది చప్పుడు చేసే పెట్టె మాత్రమే.

ఎక్కడ వెతకాలి, తెచ్చాక ఏం చేయాలి

పాతవారిని కదిపితే మూర్ మార్కెట్ గురించి చెబుతారు. సెంట్రల్ స్టేషను పక్కన ఎర్ర ఇటుకల కట్టడంగా ఉండి, పాత పుస్తకాలకూ విదేశీ వస్తువులకూ పెట్టింది పేరైన ఆ బజారు 1985లో కాలిపోయింది. అక్కడి వ్యాపారులు కొందరు దగ్గర్లోని అల్లికుళం సముదాయంలో ఇప్పటికీ ఉన్నారు; నాణేలు, గడియారాలతోపాటు ఎప్పుడైనా రేజరు కనిపిస్తుంది గానీ, వారికి వస్తువు విలువ తెలుసు కనుక బేరం తగ్గదు. పల్లావరం సంతలో విలువ తెలియనివారూ, అతిగా తెలుసనుకునేవారూ సమానంగా ఉంటారు. సెయింట్ థామస్ మౌంట్, పెరంబూరు ప్రాంతాల్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఇళ్ళు ఖాళీ చేసి విదేశాలకు వెళ్ళేటప్పుడు అమ్మే సామాన్లలో పెట్టెతో సహా పూర్తి సెట్లు దొరకడం నేను చూశాను. అన్నిటికన్నా మంచి చోటు మాత్రం బంధువుల ఇళ్ళలోని బీరువా పైఅర. నెల్లూరు, చిత్తూరు జిల్లాల నుంచి ఉద్యోగాలకు మదరాసు వచ్చి స్థిరపడిన తరంలో చాలామంది ఇళ్ళలో అలాంటి పెట్టె ఒకటి ఉంటుంది; ఇంట్లో శుభకార్యం హడావిడి తగ్గాక నెమ్మదిగా అడిగితే కాదనేవారు తక్కువ.

ఇంటికి తెచ్చిన రేజరును ముందు పూర్తిగా విడదీసి, లోపల పాత బ్లేడు ఉంటే జాగ్రత్తగా తీసి మందపాటి కాగితంలో చుట్టి పారేయాలి. కాలేయానికి సోకే హెపటైటిస్ బి క్రిమి పొడి ఉపరితలం మీద కూడా వారం రోజులు బతకగలదు కనుక, ఈ ఒక్క విషయంలో బద్ధకం పనికిరాదు. రేజరు ఎంత పాతదైనా, నిన్నటి దాకా ఎవరు వాడారో మనకు తెలియదు. విడదీసిన ముక్కలను కుంకుడురసం కలిపిన గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, మెత్తటి పళ్ళబ్రష్షుతో రుద్ది, ఆరాక సర్జికల్ స్పిరిటులో పది నిమిషాలు ముంచి తీస్తే సరిపోతుంది. బేకలైటు, ప్లాస్టిక్ పిడులను స్పిరిటులో ముంచకూడదు, మరిగే నీళ్ళలో అసలే వేయకూడదు.

చింతపండుతో తోమే అలవాటును మాత్రం మరచిపోవాలి. నా మొదటి బంగారు పూత రేజరును, మా అమ్మమ్మ ఇత్తడి బిందెలను తోమిన పద్ధతిలోనే, చింతపండులో ముగ్గుపిండి కలిపి తోమాను. బంగారు పూత ఎంత పల్చటిదంటే, పొద్దున బంగారంగా ఉన్నది సాయంత్రానికి మరచెంబు రంగుకు వచ్చింది. తిరిగి పూత వేయించవచ్చు గానీ, కొత్త పూత వేసే ముందు పాతదాన్ని అరగదీస్తారు. ఆ అరగదీతలో అక్షరాలు, పళ్ళ కొనలు, తల అంచులు ఎంతో కొంత పోతాయి. పూత మాసినా కొలత చెడని రేజరునే అలాగే ఉంచుకోవడం మేలని ఆ తరువాత నిర్ణయించుకున్నాను.

దాచే తీరులో కూడా సముద్రపు గాలిని దృష్టిలో పెట్టుకోవలసిందే. వాడిన ప్రతిసారీ విడదీసి, మంచినీళ్ళతో కడిగి, పొడిబట్టతో తుడిచి, మరకు ఒక చుట్టు వదులుగా ఉంచి పెట్టాలి. గాజు బీరువాలో పెట్టేవాటికి కొబ్బరినూనె రాసేవారు ఉన్నారు. అది కొంత కాలానికి ముక్కి జిగురుగా మారుతుంది. వాసన లేని మినరల్ ఆయిల్ రెండు చుక్కలు గుడ్డకు అద్ది తుడవడం నా పద్ధతి. అసలు పెట్టెలలోని ముఖమల్ గుడ్డ తేమను పట్టి ఉంచుతుంది కనుక, నవంబరు వానలు మొదలయ్యే ముందే రేజర్లను వాటిలోంచి తీసి మామూలు కాగితంలో చుట్టి, పెట్టెలను విడిగా దాస్తాను. సంక్రాంతి దాటి గాలి పొడిబారాక మళ్ళీ వాటి స్థానాల్లో పెడతాను.